జ్వరం దాచుకుంటున్నవాళ్ల తలుపు మళ్లీ ఎలా తట్టాలి?

ఈ వారం ఉత్తరం రాసిన పాఠకురాలికి 31 ఏళ్లు. ఏడేళ్లుగా ప్రజారోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నారు. పేరు, ఊరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ చెబుతాను.

ఆమె తిరిగే ప్రాంతంలో నెలన్నరగా ఫ్లూ ప్రబలింది. జ్వరం వచ్చినవాళ్లు ఇంట్లో ఉండాలి, దగ్గుంటే మాస్కు పెట్టుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, గదిలో గాలి ఆడనివ్వాలి, పెద్దవాళ్లు టీకా వేయించుకోవాలి. ఈ ఐదూ ఇంటింటికీ వెళ్లి చెప్పడం ఆమె పని. "అందరూ వింటారు, తలూపుతారు. నేను వీధి మలుపు తిరగకముందే మాస్కు గడ్డం కిందికి దిగిపోతుంది" అని రాశారు. మీటింగుల్లో కోపం ఆపుకోలేక "ఇక్కడ ఒక్కరైనా జాగ్రత్త పాటిస్తున్నారా?" అని అరిచేస్తున్నారట.

మూడు వారాల కిందట పై అధికారి "జనానికి భయం లేదు, భయపెట్టాలి" అన్నారు. ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద ఉన్న మనిషి ఫొటో, కింద "నిర్లక్ష్యం చేస్తే ప్రాణం పోతుంది" అన్న మాట. ఆ పోస్టర్లు ఈమే అంటించారు. ఆ తర్వాతి వారం నుంచి జ్వరం ఉందని చెప్పేవాళ్లు తగ్గిపోయారు. దాచుకుంటున్నారు. బాగా ముదిరాక ఆసుపత్రికి వస్తున్నారు. ఒక ఇంట్లో జ్వరంతోనే పనికి బయల్దేరుతున్న ఆవిడను ఆపితే, "మూడు రోజులు వెళ్లకపోతే నాలుగో రోజు ఆ పని ఉండదు. నువ్వు ఇప్పిస్తావా?" అందట. ఈమె దగ్గర జవాబు లేదు. మాస్కు ఒకటి చేతిలో పెట్టి వచ్చేశారు.

ఇంట్లో సంగతి ఇంకా బరువైనది. నాన్నగారికి 68 ఏళ్లు. టీకా వద్దంటున్నారు. "అమ్మ పోయినప్పటి నుంచి ఆయన ఆసుపత్రి గడప తొక్కలేదు, అది వేరే విషయం" అని మధ్యలో ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. ఒకరోజు ఆయన్ని ఒప్పించడానికి శిక్షణలో నేర్పిన పద్ధతిలో మాట్లాడబోతే, "నా మీద కూడా నీ చదువు ప్రయోగిస్తున్నావా?" అన్నారు ఆయన. మాటా మాటా పెరిగి, "మీకేమైనా అయితే ఆ పాపం నాది కాదు" అనేశారు ఈమె. పన్నెండు రోజులుగా ఇద్దరి మధ్య మాటల్లేవు.

ఆమె అడిగినవి ఇవి. మనుషుల ప్రవర్తన ఎలా మారుతుందో చెప్పే థియరీలు, హెల్త్ బిలీఫ్ మోడల్ నుంచి కామ్-బి వరకు అన్నీ చదివాను, వీటిలో ఏది వాడితే జనం మారతారు? అధికారితో ఏమనాలి? నాన్నతో ఎలా మాట్లాడాలి? ఇంత చేతకానప్పుడు ఈ ఉద్యోగం వదిలేయడం మంచిదా?

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి, ఏ థియరీ వాడాలన్న ప్రశ్నే పెద్దగా కనిపించింది. రెండోసారి, మీరు దాటుకుంటూ వెళ్లిపోయిన రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఒకటి, పనికి వెళ్లే ఆవిడ మిమ్మల్ని అడిగిన ప్రశ్న. రెండోది, అమ్మ పోయాక నాన్నగారు ఆసుపత్రి గడప తొక్కలేదన్న వాక్యం. తాము ఎక్కడ ఆగిపోయామో వాళ్లిద్దరూ మీకు చెప్పేశారు. అప్పటికే మీరు చెప్పవలసిన తర్వాతి మాట వెతుక్కుంటున్నారు, అందుకే అది చెవిన పడలేదు.

తప్పు పట్టడానికి అనడం లేదు. నేను ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు, నీళ్ల విరేచనాలు ప్రబలిన చోట నీళ్లు మరిగించి తాగమని మూడు వారాలు చెప్పాను. క్రిముల బొమ్మలు చూపించాను. పిల్లల ప్రాణాల గురించి చెప్పాను. ఎవరూ మరిగించలేదు. చివరికి ఒక పెద్దావిడ నన్ను లోపలికి పిలిచి వంటిల్లు చూపించింది. మూత ఉన్న గిన్నె ఒక్కటే ఉంది, అందులోనే వంట. "మరిగించి ఎక్కడ పోయను తల్లీ?" అంది. మూడు వారాలు నేను ఆమెకు తెలిసిన విషయమే చెబుతూ వచ్చాను. ఆ వంటిల్లు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఈ మాట ఇంత నెమ్మదిగా చెప్పగలుగుతున్నాను.

ఏ థియరీ వాడాలి అన్నారు. అవి ఎలా పుట్టాయో ఒకసారి గుర్తు చేసుకోండి. 1950ల్లో అమెరికా ప్రజారోగ్య విభాగం క్షయ వ్యాధిని ముందే కనిపెట్టడానికి ఛాతీ ఎక్స్‌రే తీసే వ్యాన్లను జనం ఉండే చోటికే పంపింది. డబ్బు అక్కర్లేదు, దూరం వెళ్లక్కర్లేదు. అయినా చాలామంది రాలేదు. వాళ్లను నిర్లక్ష్యపు మనుషులని తిట్టి ఊరుకోకుండా, గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ అనే మానసిక శాస్త్రవేత్త వెళ్లి అడిగాడు. తనకూ క్షయ రావచ్చని నమ్మి, ముందే తెలిస్తే మేలని కూడా నమ్మినవాళ్లలో నూటికి 82 మంది కనీసం ఒకసారి ఎక్స్‌రే తీయించుకున్నారు. ఆ రెండు నమ్మకాలూ లేనివాళ్లలో 21 మందే. హెల్త్ బిలీఫ్ మోడల్ ఆ పరిశోధనల నుంచి వచ్చింది. అంటే మీరు పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ గళ్లన్నీ ఒకప్పుడు ప్రశ్నలు. నాకు వస్తుందని అనుకుంటున్నానా? వస్తే ఎంత ప్రమాదం? ఈ జాగ్రత్త వల్ల లాభమేమిటి? అడ్డమేమిటి? ఇప్పుడే చేయమని గుర్తు చేసేదేమైనా ఉందా? చాలా ఏళ్ల తర్వాత, 1988లో, ఇంకో ప్రశ్న చేర్చారు. అసలిది నావల్ల అవుతుందా?

మీ దగ్గర కట్టెదుట ఉన్న సమస్యకు ఈ చివరి ప్రశ్నే కీలకమని నా నమ్మకం. మీ పోస్టర్ మొదటి రెండు ప్రశ్నలకు గట్టిగా జవాబు చెప్పింది. వస్తుంది, వస్తే చస్తావు. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పలేదు. చేస్తే ఏం మేలు జరుగుతుందో చెప్పలేదు. అలా భయం ఒక్కటే ఇచ్చి వదిలేస్తే మనిషి ఏం చేస్తాడన్నది కిమ్ విట్టే అనే పరిశోధకురాలు 1992లో బాగా విడమర్చి చెప్పింది. ప్రమాదం పెద్దదిగా కనిపించి, దాన్ని ఎదుర్కోగలనన్న నమ్మకం కూడా ఉంటే మనిషి ప్రమాదం సంగతి చూస్తాడు. ఆ నమ్మకం లేకపోతే తన భయం సంగతి చూసుకుంటాడు. పోస్టర్ వైపు చూడడు. "ఇది మామూలు జలుబే" అంటాడు. జ్వరం దాస్తాడు. ఆ పోస్టర్లు అంటించాక మీ ప్రాంతంలో జరుగుతున్నది ఇదే. వాళ్లకు భయం లేదని అధికారి అనుకుంటున్నారు. దాచుకుంటున్న మనిషి కంటే ఎక్కువ భయపడుతున్నది ఎవరు చెప్పండి?

దీనికంటే పాత అధ్యయనం ఒకటి నేను శిక్షణల్లో ఎప్పుడూ చెబుతాను. 1965లో యేల్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ లెవెంథాల్ బృందం విద్యార్థులకు ధనుర్వాతం గురించి కరపత్రాలు ఇచ్చింది. కొందరికి భయంకరమైనవి, కొందరికి నెమ్మదైనవి. భయపడ్డవాళ్లు టీకా వేయించుకుంటామని గట్టిగానే అన్నారు. తీరా చూస్తే, వెళ్లి వేయించుకోవడంలో ఎక్కువ భయానికీ తక్కువ భయానికీ తేడా లేదు. తేడా తెచ్చింది ఇంకోటి. కొందరికి ఆరోగ్య కేంద్రం గుర్తు పెట్టిన మ్యాపు ఇచ్చి, మీ రోజువారీ పనుల్లో ఎప్పుడు అటు వెళ్లగలరో చూసుకోండి అన్నారు. వాళ్లలో సుమారు 28 శాతం మంది వేయించుకున్నారు. మ్యాపు లేనివాళ్లలో 3 శాతం. ఆ విద్యార్థులకు ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో తెలియక కాదు. తెలిసిన దారినే తమ రోజులోకి తెచ్చుకోవడానికి ఎవరో ఒక చేయి అందించారు, అంతే.

పోస్టర్ విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఉన్నదాన్ని అలాగే ఉంచడం ఒకటి. దాని ఫలితం మీరు చూస్తూనే ఉన్నారు. చెప్పకుండా తీసేయడం రెండోది. మనసుకు హాయిగా ఉంటుంది కానీ, అధికారికి తెలిసిన రోజు మాట పడాలి, పైగా జనానికి చెప్పడానికి మీ చేతిలో ఏమీ మిగలదు. మూడోది, మార్చడం. ఫ్లూకి డాక్టర్లు ఇచ్చే యాంటీవైరల్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా పెద్దవాళ్లకూ గర్భిణులకూ ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకూ. పోస్టర్ మీద ఉండవలసిన మాట అది. "జ్వరం, దగ్గు మొదలైన 2 రోజుల్లో రండి. మందు బాగా పనిచేసే సమయం అదే." కింద ఎక్కడికి రావాలి, ఏ వేళకి, ఎవరిని అడగాలి. దూరం వెళ్లలేనివాళ్లు ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ప్రమాదం గురించి ఒక్క వాక్యం ఉన్నా తప్పులేదు. దాని కింద దారి కూడా అంత పెద్ద అక్షరాల్లోనే ఉండాలి.

అధికారి దగ్గరికి థియరీ పేర్లు పట్టుకుని వెళ్లకండి. ఆయన మీద కూడా లెక్కల ఒత్తిడి ఉండి ఉంటుంది. పోస్టర్ వేయకముందు వారంలో ఎంతమంది జ్వరమని చెప్పారు, వేశాక ఎంతమంది, వచ్చినవాళ్లు జ్వరం మొదలైన ఎన్నో రోజున వచ్చారు, ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. "రెండు వీధుల్లో పోస్టర్ మార్చి చూస్తాను, పది రోజుల్లో లెక్క తెచ్చి చూపిస్తాను" అనండి. మొత్తం మార్చేద్దామంటే ఆయన తప్పు చేశానని ఒప్పుకోవలసి వస్తుంది. రెండు వీధులంటే ఆ ఇబ్బంది లేదు. ఒప్పుకోకపోతే? అప్పుడు కూడా మీరు ఇంటింటికీ వెళ్లినప్పుడు నోటితో చెప్పే మాట మీ చేతిలోనే ఉంటుంది. ఆ పోస్టర్ ఉన్న గోడ పక్కనే నిలబడి "2 రోజుల్లో వస్తే మందు ఉంది" అని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొంచెం ఎదురీత అవుతుంది, నిజమే.

భయం ఎంత దూరం తీసుకెళ్తుందో 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు ప్రపంచం చూసింది. ఎబోలా చంపుతుంది, దానికి మందు లేదు అని మొదట్లో ప్రచారం చేశారు. మందే లేనప్పుడు చికిత్స కేంద్రానికి ఎందుకు వెళ్లాలి, మనవాళ్ల మధ్యే పోతే నయం కదా అనుకున్నారు జనం. తల నుంచి కాలి దాకా సూట్లు వేసుకున్న మనుషులు వచ్చి శవాన్ని పట్టుకుపోతుంటే, కుటుంబాలు రోగుల్నే దాచేశాయి. గినియాలోని వోమే అనే చోట అవగాహన కల్పించడానికి వెళ్లిన బృందంలో 8 మందిని చంపేశారు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మత పెద్దలతో కూర్చుని, అంత్యక్రియలు సురక్షితంగానూ గౌరవంగానూ జరిగే పద్ధతి ఒకటి తయారు చేసింది. దూరం నుంచైనా కుటుంబం చూడవచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు. వైరస్ అదే, దాని ప్రమాదమూ అదే. తన మనిషిని సాగనంపే వీలు మాత్రం దొరికింది. ఆ మహమ్మారిలో 11 వేల మందికి పైగా చనిపోయారు. మొదట్లోనే అడిగి తెలుసుకుని ఉంటే అందులో కొందరైనా మిగిలేవారని ఆ రంగంలో పనిచేసినవాళ్లు బాధతో చెబుతారు. నాకూ అదే అనిపిస్తుంది.

ఇప్పుడు పనికి వెళ్లే ఆవిడ ప్రశ్నకు వద్దాం. కామ్-బి అని మీరు చదివినది ఇక్కడ పనికొస్తుంది. 2011లో సూసన్ మిచీ, ఆమె సహచరులు అప్పటికి ఉన్న 19 పద్ధతులను పరిశీలించి దాన్ని తయారు చేశారు. సారాంశం మూడే మాటలు. చేతనవుతుందా, వీలుందా, మనసుందా. ఒక పని జరగాలంటే మూడూ కావాలి. ఆవిడకు తెలుసు. మనసూ ఉండే ఉంటుంది, జ్వరంతో పనికి వెళ్లడం ఎవరికి సరదా? లేనిది వీలు. వీలు లేనిచోట మీరు మనసు మార్చడానికి వెళ్లారు. అందుకే ఆమెకు కోపం వచ్చింది, మీకు మాట రాలేదు. కోవిడ్ కాలంలో బ్రిటన్‌లో చేసిన సర్వేల్లోనూ ఇదే కనబడింది. లక్షణాలు వస్తే ఇంట్లో ఉండిపోతామన్నవాళ్లు చాలా ఎక్కువ, నిజంగా లక్షణాలు వచ్చాక పూర్తిగా ఇంట్లో ఉన్నవాళ్లు సగం కూడా లేరు. ఉండలేకపోయినవాళ్లలో డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లూ, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లూ ఎక్కువ.

ఆవిడ కోసం మీరు ఏం చేయగలరు? ఆమె జీతం మీరు ఇవ్వలేరు. అయితే ఆమెకు పని ఇచ్చేవాళ్లతో మాట్లాడగలరు. "జ్వరంతో వచ్చిన ఒక మనిషి వల్ల మీ దగ్గర పదిమంది పడితే పని ఆగిపోతుంది. ఈమె నాలుగు రోజులు ఆగి వస్తే ఆ చోటు ఆమెకే ఉంచండి" అని ఆరోగ్య విభాగం తరఫున ఒక కాగితం ఇస్తే కొందరు వింటారు. అందరూ వినరు, ఇంకొందరు ఆ కాగితం చూసి అసలు ఆమెనే తీసేయవచ్చు. అందుకని ఆవిడను అడగకుండా ఆ పని చేయకండి. రెండో దారి, ఒకే చోట పనిచేసే నలుగురైదుగురు ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు ఆ చోటు నిలబెట్టేలా మాట్లాడుకోవడం. ఇది వాళ్లలో వాళ్లకు నమ్మకం ఉన్నచోటే కుదురుతుంది. ఏదీ కుదరనప్పుడు మూడోది, నష్టాన్ని తగ్గించడం. ఫ్లూ మొదటి 3, 4 రోజుల్లోనే ఎక్కువగా అంటుతుంది. ఆ రోజుల్లో ఒక్క రోజైనా, రెండు రోజులైనా ఆగగలదా? ఆగలేకపోతే బాగా బిగుతుగా ఉండే మాస్కు, కిటికీ దగ్గర చోటు, అందరితో కలిసి కూర్చుని తినకపోవడం. జ్వరం మాత్ర వేసుకోకుండానే 24 గంటల పాటు జ్వరం లేకుండా ఉంటే తప్ప పనికి వెళ్లకూడదన్నది అసలు నియమం. అది చెప్పండి. చెప్పాక, "ఇందులో మీకు ఎంతవరకు కుదురుతుంది?" అని అడగండి. సగం పాటించే మనిషి మీతో మాట్లాడుతూ ఉంటుంది. మొత్తం పాటించలేక సిగ్గుపడిన మనిషి తలుపు వేసుకుంటుంది.

ఐదు విషయాలు ఒకేసారి చెప్పడం గురించి కూడా ఒక మాట. తగ్గించండి. పైనుంచి ఐదు చెప్పమని వచ్చింది, నిజమే. కానీ ఒక ఇంటికి ఒక రాకలో ఒకటి. ముసలివాళ్లున్న ఇంట్లో టీకా, జ్వరం ఉన్న ఇంట్లో 48 గంటలు. ఏ ఇంట్లో ఏది ఆగిపోయిందో అడిగి, దాని గురించే మాట్లాడండి. "ఏ రోజు వెళ్దామనుకుంటున్నారు? ఎన్ని గంటలకు? ఎవరు తోడొస్తారు?" అని అడిగి, వాళ్ల చేతే ఒక చీటీ మీద రాయించండి. ఇది చిన్న పనిలా ఉంటుంది. 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఒక సంస్థ ఉద్యోగులకు ఫ్లూ టీకా గురించి పంపిన ఉత్తరంలో, వెళ్లే తేదీ, సమయం రాసుకోవడానికి ఖాళీ గళ్లు పెట్టారు. ఆ గళ్లు లేని ఉత్తరం అందుకున్నవాళ్ల కంటే వీళ్లలో టీకా వేయించుకున్నవాళ్లు నూటికి నలుగురు ఎక్కువ. నలుగురేనా అనకండి. మీరు తిరిగే ఇళ్లలో వెయ్యి మంది పెద్దవాళ్లుంటే నలభై మంది. అదీ ఒక పెన్ను ఖర్చుతో.

మీటింగుల్లో "ఒక్కరైనా పాటిస్తున్నారా?" అని అరుస్తున్నానన్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ వాక్యం మానేయండి. ఎవరూ చేయడం లేదని మీరే చెబితే, చేయకపోవడమే మామూలని వాళ్లకు తెలుస్తుంది. అమెరికాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో శిలగా మారిన చెక్క ముక్కలను సందర్శకులు ఎత్తుకెళ్తుంటే, "చాలామంది ఇలా తీసుకెళ్లారు" అన్న బోర్డు పెట్టి చూశారు రాబర్ట్ సియాల్డిని అనే మానసిక శాస్త్రవేత్త బృందం వాళ్లు. "దయచేసి తీసుకెళ్లకండి" అన్న బోర్డు ఉన్న చోటి కంటే అక్కడే దొంగతనాలు ఎక్కువయ్యాయి. మీ వీధుల్లో మాస్కు సరిగా పెట్టుకున్నవాళ్లు పదిమందైనా ఉంటారు. వాళ్ల గురించి చెప్పండి. లేనివాళ్లను ఉన్నట్టు మాత్రం చెప్పకండి. ఆ అబద్ధం రెండు రోజుల్లో తెలిసిపోతుంది, తర్వాత మీరు టీకా గురించి చెప్పినా నమ్మరు.

చేతులు కడుక్కోవడం మీద ఎక్కువ రాయను. అది జ్ఞానం కంటే అలవాటుకు, మర్యాదకు సంబంధించినది. చిత్తూరు జిల్లా పల్లెల్లో చేసిన ఒక ప్రయత్నం 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ జబ్బుల గురించి చెప్పకుండా, పిల్లల్ని మంచి నడవడితో పెంచుకునే ఒక తల్లి కథ చెప్పారు, మురికి మీద మనకు సహజంగా ఉండే ఏవగింపును కదిలించారు. ఆరు నెలలకు అక్కడ సబ్బుతో చేతులు కడుక్కోవలసిన సందర్భాల్లో 37 శాతం కడుక్కున్నారు. ఆ ప్రచారం జరగని పల్లెల్లో 6 శాతం. క్రిముల బొమ్మలు పట్టుకుని తిరిగిన నాలాంటివాళ్లం ఆలోచించుకోవలసిన లెక్క ఇది.

ఇక నాన్నగారు.

"నా మీద కూడా నీ చదువు ప్రయోగిస్తున్నావా?" అన్న మాట మీకు గుచ్చుకుంది. నాకూ గుచ్చుకుంది. ఎందుకంటే అందులో న్యాయం ఉంది. మనుషుల్ని మార్చే పద్ధతులు నేర్చుకున్న ప్రతి ఒక్కరూ వేసుకోవలసిన ప్రశ్న అది. నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. నేను చేస్తున్నదాన్ని ఎదుటి మనిషికి పూర్తిగా విప్పి చెప్పగలనా? చెప్పాక కూడా అది పనిచేస్తుందా? "నాన్నా, ఏ రోజు వెళ్లాలో ఇప్పుడే అనుకుంటే మర్చిపోం, అందుకే అడుగుతున్నాను" అని చెప్పినా ఆ చీటీ పనిచేస్తుంది. కాబట్టి అది సరైన సాయం. ఆయనను ఒక మూలకు నెట్టి అవుననిపించే మాటల వరుస అయితే, విప్పి చెప్పిన క్షణమే చెడిపోతుంది. ఆ రోజు ఆయనకు కనిపించింది అదే అయ్యుండవచ్చు. జాక్ బ్రెమ్ అనే మానసిక శాస్త్రవేత్త 1966లోనే ఈ సంగతి చెప్పాడు. తన ఇష్టం తన చేతిలోంచి జారిపోతోందనిపిస్తే, మనిషి దాన్ని నిలబెట్టుకోవడానికి వద్దన్న పనే చేస్తాడు. 68 ఏళ్ల మనిషికి, భార్య పోయిన మనిషికి, తన చేతిలో మిగిలినవే కొన్ని.

అమ్మగారు పోయినప్పటి నుంచి ఆసుపత్రికి వెళ్లకపోవడం వేరే విషయం అని రాశారు. నాకు అలా అనిపించడం లేదు. ఆయన అక్కడ ఏం చూశారో, ఎవరేమన్నారో, ఏ నడవాలో ఎంతసేపు నిలబడ్డారో మీరు ఎప్పుడైనా అడిగారా? ఆయన భయం టీకా మీదో, ఆ భవనం మీదో, ఆ రోజు మీదో మనకు తెలియదు. దుష్ఫలితాల గురించి ఎంత చదివి వినిపించినా, ఆగిపోయినది అక్కడ కాకపోతే ఏం లాభం?

మీకు కొన్ని దారులున్నాయి. ముందు క్షమాపణ చెప్పి, టీకా ఊసు ఎత్తకుండా కొన్నాళ్లు మామూలుగా మాట్లాడటం ఒకటి. బంధం నిలుస్తుంది. అయితే ఫ్లూ ఆగదు, టీకా వేయించుకున్నాక రక్షణ రావడానికే సుమారు రెండు వారాలు పడుతుంది, కాబట్టి ఆ ఆలస్యానికి ధర ఉంది. ఆయన నమ్మే స్నేహితుడి చేతనో, పాత డాక్టరు చేతనో చెప్పించడం ఇంకోటి. మీ మాట కంటే అది తేలిగ్గా చేరవచ్చు. కానీ మీరే పంపారని తెలిస్తే "మళ్లీ ప్రయోగం" అనుకుంటారు. చేస్తే ఆయనకు చెప్పే చేయండి. మూడోది, ఆయన ఒప్పుకోలు అక్కర్లేనివి ఈ రోజే మొదలుపెట్టడం. మీరు టీకా వేయించుకున్నారో లేదో ఉత్తరంలో రాయలేదు, ముందు అది చూసుకోండి. మీరు రోజంతా జ్వరం ఉన్న ఇళ్లకు వెళ్లి వస్తారు కాబట్టి ఇంట్లో మీరే మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి ఉంచండి. ఆయనకు జ్వరం వస్తే మొదటి రోజే ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరూ మాట్లాడుకుని పెట్టుకోండి. టీకా వద్దన్న మనిషి దీనికి ఒప్పుకోవచ్చు. ఆయన ప్రాణానికి ఇది కూడా రక్షణే.

నాకైతే మొదటిదీ మూడోదీ కలిపి చేయాలనిపిస్తుంది. ఎంతకాలం ఆగాలన్నది ఆయన ముఖం చూస్తే మీకే తెలుస్తుంది. టీకా మాట వచ్చిన రోజు, విలియం మిల్లర్ అనే మానసిక శాస్త్రవేత్త దారిలో నడిచేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సున్నా నుంచి పది దాకా అయితే, వేయించుకోవాలని మీకు ఎంత ఉంది?" ఆయన రెండు అంటే, "ఇంత తక్కువా" అనకండి. "సున్నా ఎందుకు అనలేదు నాన్నా?" అనండి. ఆ రెండుకు కారణం ఆయనే చెబుతారు, తన నోటితో. చెప్పాక మీరు ఊరుకోండి. ఈ ప్రశ్న మీరు ఎక్కడ నేర్చుకున్నారో కూడా ఆయనకు చెప్పేయండి, దాచవద్దు. ఆయన సున్నా అంటే, అది ఆయన జవాబు. మూడో దారి మీ చేతిలో ఉంది.

ఉద్యోగం వదిలేయాలా అని అడిగారు. ఈ నెలలో నిర్ణయించకండి. ఏడేళ్లుగా చేస్తున్న పని మీద, పన్నెండు రోజులుగా నాన్నతో మాటల్లేని మనిషి తీర్పు చెప్పకూడదు. వారానికి ఒక పూట సెలవు అడగండి, మీతో పనిచేసేవాళ్లలో ఒకరితోనైనా రోజూ పది నిమిషాలు కూర్చుని ఆ రోజు ఏం జరిగిందో చెప్పుకోండి. ఫ్లూ తగ్గాక కూడా వదిలేయాలనే ఉంటే, అప్పుడు మళ్లీ రాయండి, దాని గురించే మాట్లాడుకుందాం.

రేపు ఉదయం ఆ పనికి వెళ్లే ఆవిడ ఇంటికి ఒకసారి వెళ్లండి. "మీరడిగినదానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడు సగం జవాబు ఉంది" అని చెప్పి కూర్చోండి. సాయంత్రం నాన్నగారి దగ్గర కూర్చుని, "ఆ రోజు నేనన్న మాట చాలా తప్పు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీకు ఎలా గడిచిందో నేను ఎప్పుడూ అడగలేదు" అనండి. ఆయన ఏమీ మాట్లాడకపోయినా కాసేపు అక్కడే ఉండండి. టీకా కరపత్రాలు ఆ సాయంత్రానికి బ్యాగులోనే ఉండనివ్వండి.